సంచి నిండా అలసందలు

నిన్న పొద్దున అలసందలు నానబోస్తా, చాటలోకి ఒంపుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నా కూతురు వెనకనుంచి చూసి నవ్వింది. "ఏంది మా, ప్రతిసారీ అట్టా వాసన చూస్తావు? అంగట్లో కొన్న పాకెట్టే కదా" అనింది. అలవాటులే అన్నాను. ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. "బియ్యం ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తావే, అది ఎవరికి?" అని ఇంకోటి అడిగింది. దానికీ అలవాటే అన్నాను. రెండూ అబద్ధాలే.

నేను ఆత్మకూరులో బట్టలు కుట్టుకుని బతికే మనిషిని. మిషను ఆగితే ఆగుతుందేమో గాని నా నోరు ఆగదని నా దగ్గరికొచ్చే ఆడోళ్ళందరూ అంటారు. ఎవరింట్లో ఏం జరిగిందో నాకు తెలుసు, నాకు తెలిస్తే బజారుకీ తెలుసు. అంత నోరుండి కూడా ఒక్క సంగతి మాత్రం తొమ్మిదేళ్ళ వయసునుంచీ లోపలే పెట్టుకుని తిరగతా ఉండాను. కట్టుకున్నోడికి చెప్పలా, కన్నదానికి చెప్పలా.

మా ఊరు ఉదయగిరి కొండ కనపడేంత దూరంలో ఉంటుంది. దుత్తలూరు రోడ్డు మీద బస్సు దిగి, తంగేడు చెట్ల మధ్య బండిబాటన నడిచిపోవాల. అన్నీ వాన చూసి విత్తే చేలు. ఊళ్ళో సగం మంది మా మాదిరి గొర్లు కాసుకునే వాళ్ళు, సగం మంది బాప్టిస్టు సంఘం వాళ్ళు. బడి మాత్రం రెండు వాడల వాళ్ళదీ కాకుండా మూడో వాళ్ళది. కేరళనుంచి వచ్చిన సిస్టర్లు నడిపేవాళ్ళు. రెండు పెంకుల గదులు, ఒక వసారా, పక్కన మాత బొమ్మ పెట్టిన చిన్న గుడి. అయిదో తరగతి దాకానే చదువు. ఆ గుడిలో చల్లారిన కొవ్వొత్తుల మైనం గోళ్ళతో గీరి ఉండలు చేసుకోవడం మా పెద్ద దొంగతనం. నేనైతే ఒకసారి నమిలి కూడా చూసినాను.

మా పెద్ద సిస్టరు బక్కగా, పొడుగ్గా ఉండేది. కొబ్బరినూనె వాసన, ఇస్త్రీ బట్ట వాసన కలిసి ఆమె కంటే ముందే గదిలోకి వచ్చేవి. ఆడపిల్లలందర్నీ 'మోళే' అని పిలిచేది. మోళే అంటే వాళ్ళ భాషలో బిడ్డా అని. కోపమొస్తే తెలుగు మొత్తం మరిచిపోయేది, అందుకని ఆమె తిట్లు మాకు ఒక్కటీ అర్థమయ్యేవి కాదు.

అప్పట్లో మా బడికొచ్చిన తెగులు ఏందంటే, మధ్యాహ్నం గంట కొట్టినాక పిల్లలు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఇంటికి పోతే పొయ్యిలో పిల్లి పడుకుని ఉండేది. అమ్మానాయనలు చేలల్లోనో గొర్ల వెంటో ఉండేవాళ్ళు. రాత్రిది సంగటి ముద్ద మిగిలుంటే మజ్జిగలో పిసుక్కుని తాగడం, లేకపోతే రేగ్గాయలకు పోవడం. మధ్యాహ్నం బడిలో పలకల కంటే పిల్లలు తక్కువ. అప్పుడు పైనుంచి సిస్టరుకు ఉత్తరం వచ్చింది. ఇట్టాగే ఉంటే వచ్చే ఏడు బడి మూసేస్తామని.

సిస్టరు తల్లిదండ్రులందర్నీ పిలిపించింది. బాప్టిస్టు వాళ్ళు వసారాలో కూర్చున్నారు, మావాళ్ళు కర్రలు ఆనించుకుని బయట నిలబడినారు. సిస్టరు ఉత్తరం చదివి, మడిచి, చేతిలోనే పెట్టుకుంది. "పిల్లలు ఆకలి. నాకు తెలుసు. నా దగ్గర బియ్యం లేదు" అనింది. అంతే.

తలుపు వెనకనుంచి ఆయమ్మ ముందుకొచ్చింది. ఆమె బడి ఊడ్చే మనిషి, బాప్టిస్టు వాడలో మొగుడు చచ్చిపోతే బిడ్డల్ని అన్న ఇంట్లో వదిలి పని చేసుకునే మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. చేతిలో చీపురు అట్టాగే ఉండాది.

"మా సంఘంలో ఆడోళ్ళం వంట చేసే ముందు పిడికెడు బియ్యం తీసి దేవునికని పక్కన పెడతాం సిస్టర్. ఆదివారం గుడికి తీసకపోతాం. ఎంత లేనోళ్ళయినా పిడికెడు తీస్తారు. అట్టాగే బడికి ఇంకో పిడికెడు తీద్దాం. అందరివీ కలిపి నేను వండి పెడతా" అనింది.

మా అవ్వ బయటనుంచి కర్ర టకటకలాడించింది. "ఆమె చేతి కూడు మా పిల్లలు తినేదేంది?" అనింది. మా అవ్వ అట్టాగే మాట్లాడేది, వెనకా ముందూ చూసుకునేది కాదు. ఆయమ్మ తలొంచుకుని చీపురు పుల్లలు సర్దుకుంది. అప్పుడు నాకేమీ అనిపించలా. ఇప్పుడు తలుచుకుంటే నా చెవులు కాలతాయి.

అయినా వంటపాక పని మొదలయింది. మగవాళ్ళు కొండకిందనుంచి బండ్ల మీద రాళ్ళు తోలినారు. ఆడవాళ్ళు మట్టి తొక్కినారు. సిస్టర్లు తెల్ల గౌన్లు మోకాళ్ళ దాకా దోపుకుని మట్టి తట్టలు మోస్తా ఉంటే ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఉదయగిరిలో చెక్క పని చేసే సాయిబు, ఆయన బిడ్డా మా బడిలోనే చదివేది, చేయంత పొడుగు చెక్క గరిటె ఒకటి చెక్కి తెచ్చిచ్చినాడు. బోదగడ్డితో కప్పు వేసినారు. అందరూ ఒకటే మాట, బడి మూతపడకూడదని. కొత్త మట్టి గోడ వాసనకు మేము పోయి నాలుక ఆనించి వచ్చేవాళ్ళం.

మా అవ్వ రోజూ వచ్చి దూరంగా కూర్చుని చూసేది. మట్టి పని ముట్టుకోను అని ఒట్టు పెట్టుకున్నట్టు కూర్చునేది. కానీ ఆయమ్మ పొయ్యి పెట్టే రోజు మాత్రం అవ్వ ప్రాణం నిలవలా. "ఏమ్మే, పడమటిగాలికి ఎదురుగా పొయ్యి పెడతారా ఎవరన్నా? పొగంతా నీ కండ్లలోకే వస్తుంది" అని లేచిపోయి, ఆయమ్మను పక్కకు జరిపి, తనే గొంతుక్కూర్చుని పొయ్యి పెట్టింది. మూడు పొయ్యిలు, ఒకదాని పక్కన ఒకటి, పేడతో అలికి, ముగ్గేసి మరీ వచ్చింది.

ఇంటికొచ్చి మాతో, "నేను పెట్టిన పొయ్యి మీద ఉడికింది మీరు తింటే తప్పేంది?" అనింది. మేమేం అడగలా. తనకు తానే జవాబు చెప్పుకుంది.

గింజలు తేవడానికి సిస్టరు ఒక పద్ధతి పెట్టింది. ప్రతి పిల్లకూ తల్లి పాత గుడ్డతో ఒక చిన్న సంచి కుట్టియ్యాల. నాది అమ్మ పాత రవికెది, ఎర్రమీద పసుపు చుక్కలు. పొద్దున ప్రార్థనకు ముందు వంటపాక గుమ్మంలో రెండు పెద్ద డేగిసాలు ఉండేవి, ఒకటి బియ్యానికి, ఒకటి పప్పుగింజలకు. సంచిని చేత్తో సహా డేగిసా లోపలికి దింపి, అడుగున తిప్పి, ఖాళీ సంచి పైకి తీయాల. ఎవరెంత తెచ్చినారో ఎవరికీ కనపడకూడదు. లెక్క రాసేది లేదు, అడిగేది లేదు. ఖాళీ సంచులు వంటపాక గోడకు మేకులకు తగిలించి, సాయంత్రం తీసకపోయేవాళ్ళం.

లేని రోజు ఏం చెయ్యాలో ఆయమ్మ ఒక్కొక్కరికే చెవిలో చెప్పింది. "లేకపోతే ఖాళీ సంచే తీసుకురా పాపా. చెయ్యి లోపల పెట్టి తియ్. అంతే. అన్నం మాత్రం మానుకోబాక."

రోజుకొక రుచి ఉండేది ఆ అన్నం. బియ్యం, కొర్రలు కలిసి ఉడికేవి. పెసలు, కందులు, ఉలవలు, అలసందలు అన్నీ ఒకటే కుండలో. మీద చింతపండు చారు. ఒకరోజు పెసల వాసన, ఒకరోజు ఉలవల వాసన. ఉడకడం అయిపోయినాక ఆయమ్మ చెక్క గరిటెను కుండ అంచుకు మూడుసార్లు కొట్టేది. టక్, టక్, టక్. బడి గంట కొట్టకముందే మేము వరసలో ఉండేవాళ్ళం. మధ్యాహ్నం పలకలు నిండినాయి. ఉత్తరం మాట మళ్ళా రాలా.

మా అవ్వ కూడా పొయ్యి ఎట్టా మండతా ఉందో చూసొస్తా అని మొదలుపెట్టి, రోజూ అక్కడే కూర్చోవడానికి పోయేది. ఇద్దరూ చాటలు ముందేసుకుని గింజల్లో రాళ్ళు ఏరేవాళ్ళు. అవ్వ ఆకూవక్క తుంచి ఇస్తే ఆయమ్మ రెండు చేతులూ చాపి తీసుకునేది. మొదట్లో అవ్వ పైనుంచి జారవిడిచేది, తగలకుండా. కొన్నాళ్ళకు చేతిలోనే పెట్టేది. ఆయమ్మ అవ్వను పెద్దమ్మా అని పిలిచేది.

తరువాతి ఏడు వాన మొహం చాటేసింది. మేత లేక గొర్రెలు డొక్కలు ఎగరేస్తా ఉంటే నాయన, అమ్మ మందను తోలుకుని తూరుపుకు, మాగాణి వైపు పోయినారు. నన్నూ, ఒకటో తరగతి చదివే నా తమ్ముణ్ణీ అవ్వ దగ్గర వదిలిపెట్టినారు. పోయే ముందు రోజు నాయన విత్తనాల కుండ దించి ఏదో చేసినాడు. నేను బడికి పోయి ఉండాను, చూడలా.

ఈ విత్తనాల కుండ సంగతి చెప్పాల. మా ఇంట్లో విత్తనానికి తీసిన అలసందలకు బూడిద కలిపి, కుండలో పోసి, మూతికి మట్టి పూసి అటక మీద పెట్టేవాళ్ళు. పిల్లలు ముట్టుకోకూడదు. కానీ మరీ ఇబ్బంది రోజుల్లో అవ్వ గుట్టుగా మట్టి తీసి, ఒక దోసెడు తీసి, బూడిద కడిగి, ఉడకేసి మాకు పెట్టేది. "మీ నాయనకి చెప్పబాకండి" అనేది. కాబట్టి నా లెక్కలో విత్తనం అంటే దాచిపెట్టిన తిండి. నాయన తిడతాడనే గాని, వేరే భయం నాకు తెలియదు. ఆ ఏడు నాయన బూడిద మానేసి, ఆత్మకూరు అంగట్లోంచి పురుగుమందు పొడి తెచ్చి కలిపినాడు. అవ్వతో చెప్పే పోయినాడు. అవ్వ నాకు చెప్పలా. మరిచిపోయిందో, చెప్తే అటక మీదికి నా కండ్లు పోతాయనుకుందో.

ఇంట్లో గింజలు అయిపోయినాయి. వారం రోజులు ఖాళీ సంచి తీసకపోయినాను. ఆయమ్మ చెప్పినట్టే చెయ్యి లోపల పెట్టి తీసినాను. అది బానే ఉండాది, నా వెనక వరసలో నిలబడే పిల్ల ఒకరోజు నా సంచి పట్టుకుని నలిపి చూసే దాకా. "నీ సంచికి గాలి తప్ప ఏమీ లేదే. రోజూ గాలి పోస్తా ఉండావా?" అని పకపకా నవ్వింది. నలుగురు విన్నారు. నా పొగరు నన్ను ఆ రోజు అన్నం తిననియ్యలా. తమ్ముడు నా గిన్నె కూడా తినేసినాడు.

మరుసటి పొద్దున అవ్వ పక్కింటికి నిప్పుకు పోయింది. నేను అటక ఎక్కినాను. మూతి మట్టి గోరుతో గీకి, చెయ్యి పెట్టి, పిడికెడు కాదు, సంచి నిండా తీసినాను. గింజల మీద తెల్లగా పొడి ఉండాది. బూడిద అంత మెత్తగా లేదు, వాసన ముక్కులో గుచ్చింది. ఈ ఏడు బూడిద ఇట్టా ఉందేమో అనుకుని పావడ కుచ్చెళ్ళలో పోసి రుద్దినాను. మట్టి తడిపి మళ్ళా మూతికి పూసినాను. దారంతా సంచి తొడకు కొట్టుకుంటా ఉంటే, ఆ బరువుకు నాకు ఎంత గొప్పగా ఉందో చెప్పలేను.

నిన్న నవ్విన పిల్ల చూసేటట్టు సంచి ఎత్తి పట్టుకుని మరీ డేగిసాలో దింపినాను. ఆయమ్మ చూసింది. నా తల మీద చెయ్యి పెట్టింది. "ఏం పాపా, మీ ఇంట్లో ఒక్కదానికే వాన పడిందా?" అనింది, నవ్వతా.

అలసందలు అన్నిటితో పాటు కడిగింది, అన్నిటితో పాటు ఉడికించింది. టక్, టక్, టక్ అని కొట్టింది. మేము తిన్నాం.

మొదట చిన్న తరగతి పిల్లలు కక్కుకున్నారు. వసారా అంతా వాంతులే. ఎండ తగిలిందేమో అని సిస్టరు నీళ్ళు చల్లతా ఉండాది. అంతలో నా తమ్ముడు గోడకు జారగిలబడి, కండ్లు పైకి పోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. వాడు ముందురోజు మాదిరే ఆరోజు కూడా రెండు గిన్నెలు తిన్నాడు. సిస్టరు వాణ్ణి ఎత్తుకుని రోడ్డుకు పరిగెత్తింది, తల మీద గుడ్డ ఊడిపోయినా చూసుకోకుండా. ఎవరిదో ట్రాక్టరు ఆపి పదకొండు మందిని ఉదయగిరి ఆసుపత్రికి తీసకపోయినారు. ఆయమ్మ ట్రాక్టరు తొట్టిలో ఇద్దరు పిల్లలను ఒళ్ళో వేసుకుని కూర్చుని, "ప్రభువా, ప్రభువా" అని ఒక్క మాటే అంటా పోయింది. నాకేమీ కాలా. నాలుగు ముద్దలు తిన్నాను, నాకు కడుపులో నొప్పి కూడా రాలా. దాని గురించి నేను చాలా ఆలోచించినాను.

అందరూ బతికినారు. మూడో రోజుకు నా తమ్ముడు కూడా లేచి కూర్చుని బన్ను అడిగినాడు. డాక్టరు మాత్రం వంటలో పురుగుమందు పడిందని చెప్పినాడు. ఇంకేముంది, ఊళ్ళో నోళ్ళు లేచినాయి. వంటపాకలో చీమలకు ఆమె ఏదో పొడి చల్లిందంట అని ఒకరు. ఆ చేతి కూడు వద్దని అప్పుడే అనుకున్నాం అని మా వాడలో ఇంకొకరు. పిల్లల్ని బడి మానిపించడం మొదలయింది. వారం తిరక్కముందే సగం పలకలు ఖాళీ.

అవ్వ ఆసుపత్రినుంచి వచ్చిన సాయంత్రం నన్ను చూడకుండా నేరుగా అటక ఎక్కింది. కుండ మూతి మీద నా వేళ్ళ గుర్తులు అట్టాగే ఉండినాయి. కిందికి దిగి, గుమ్మంలో కూర్చుని, నన్ను మోకాళ్ళ మధ్యలోకి లాక్కుంది. కొడుతుందనుకున్నాను. కొట్టలా.

"ఎవరికన్నా చెప్పినావా?"

"లేదవ్వా."

"చెప్పబాక. పదకొండు మంది బిడ్డలు. తెలిస్తే మీ నాయన్ని బతకనిస్తారా? ఈ మాట నీ నోట్లోనే చచ్చిపోవాల."

మరి ఆయమ్మను తిడతా ఉండారు కదవ్వా, అన్నాను. అవ్వ నా నోటి మీద చెయ్యి పెట్టింది. అది మూయడానికి పెట్టిన చెయ్యి. ఆకూవక్క వాసన వేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయమ్మ మా ఇంటికొచ్చింది. మా వాడలోకి ఆమె రావడం అదే మొదలు. గుమ్మం బయటే నిలబడింది. చేతిలో ఎర్రమీద పసుపు చుక్కల గుడ్డ. ఆ గందరగోళంలో వంటపాక మేకుకు వదిలేసి వచ్చిన నా సంచి. ఆరేసి, చేత్తోనే ఇస్త్రీ చేసినట్టు సాపుగా మడిచి ఉండాది.

"పాప సంచి, పెద్దమ్మా. ఉతికినాను. బాగా ఉతికినాను, కుట్లు తిరగేసి" అనింది.

అవ్వ లేచి అందుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపలికి రా అని అవ్వ అనలా. ఆయమ్మ నా వైపు చూసి, "తమ్ముడు అన్నం తింటా ఉండాడా పాపా?" అని అడిగింది. తల ఊపినాను. వెళ్ళిపోయింది. సంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన, ఎండ వాసన, ఇంకేమీ లేదు.

రెండోసారి సిస్టరు తల్లిదండ్రులను పిలిచింది. ఈసారి వసారాలో ఎవరూ కూర్చోలా. "ఆయమ్మ తప్పు లేదు. మందు పొడి మా వంటపాకలో లేదు, నేను మొత్తం చూసినాను" అని సిస్టరు ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పింది. "గింజల్లో వచ్చింది. ఎవరి ఇంటినుంచో వచ్చింది. అడుగుతాను, చెప్పండి."

నేను అవ్వ కొంగు పట్టుకుని ఉండాను. అవ్వ చేతిలో ఆకుకు సున్నం రాసి పట్టుకుని ఉండాది, నోట్లో పెట్టుకోలా, ముడుచుకోలా. ఆసుపత్రిలో పడిన ఒక పిల్ల నాయన ముందుకొచ్చి, ఇల్లిల్లూ వెతుకుదాం, దొరికినోణ్ణి ఊళ్ళో ఉంచేది లేదు అన్నాడు. అవునవునన్నారు అందరూ.

అప్పుడు ఆయమ్మ, "ఎవరిళ్ళూ వెతకబాకండి. నేనే సరిగా కడగలా" అనింది. "గింజలు ఎవరివైనా కడిగే చెయ్యి నాది. పిల్లల్ని బడికి పంపించండి. నేను పోతాను."

"నో" అని సిస్టరు అరిచింది. తరవాత వాళ్ళ భాషలో ఏందేందో అనింది. ఆయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నిమిరింది, ఆమే సిస్టరు కంటే పెద్దదైనట్టు.

మా అవ్వ ఒక్క మాట చెప్తే చాలు. నేను ఒక్క మాట చెప్తే చాలు. ఇద్దరం మాట్లాడలా. ఇంటికొచ్చినాక చూస్తే అవ్వ చేతిలో ఆకు నలిగి పచ్చగా రసం కారతా ఉండాది.

ఆయమ్మ మర్రిపాడు వైపు అన్న ఊరికి పోయింది. రేకుపెట్టె ఒకటి, ఆ చెక్క గరిటె ఒకటి. గరిటె సిస్టరే ఇచ్చిందంట. బడి నిలబడింది. తల్లులు, సిస్టర్లు వంతులు వేసుకుని, రోజుకు ఇద్దరు వండినారు. గింజలు గుమ్మంలోనే తెల్లగుడ్డ మీద పోసి, చూసి మరీ తీసుకునేవాళ్ళు. ఎవరెంత తెచ్చినారో అందరికీ కనపడేది. లేనివాళ్ళు ఆ రోజు బడికి వచ్చేవాళ్ళు కాదు. అవ్వ కూడా వంతుకు పోయేది, ఒక్క వారం తప్పలా. తన పొయ్యి తను మండించి, వండి, వడ్డించి వచ్చేది. అక్కడ మాత్రం ఆకు వేసుకునేది కాదు.

వంతుల వాళ్ళు గరిటె కొట్టేవాళ్ళు కాదు, ఇనప గరిటెలు తెచ్చుకున్నారు. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి నాకు వినపడేది. టక్, టక్, టక్. తలెత్తి చూస్తే మిగతా పిల్లలు పలకలు రాసుకుంటా ఉండేవాళ్ళు. సెలవుల్లో ఇంటి దగ్గర ఉన్నా వినపడేది. ఒకరోజు అవ్వ, నేను వాకిట్లో కూర్చుని ఉండాము. ఎండ నడినెత్తి మీద ఉండాది. నేను ఉలిక్కిపడినాను. పక్కకు చూస్తే అవ్వ కూడా బడి వైపు చూస్తా ఉండాది.

"నీక్కూడానా?" అనింది మెల్లిగా. అంతకు మించి మేము దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలా. ఆ సంచి అవ్వ మళ్ళా నన్ను వాడనియ్యలా, బయట పారెయ్యనియ్యలా. అటక మీద కుండ పక్కనే పెట్టింది. ఆమె పోయినాక నేను తెచ్చుకున్నాను. ఇప్పుడు నా మిషను సొరుగులో ఉండాది.

పోయిన నెల మర్రిపాడు నుంచి ఒకామె రవికెలు కుట్టించుకోవడానికి వచ్చింది. మాటల్లో, మా పక్కింట్లో ఒకామె తల్లి ఎప్పుడో ఉదయగిరి వైపు సిస్టర్ల బడిలో వంట చేసిందంట అనింది. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. మూడు రోజులు ఉగ్గబట్టుకుని, నాలుగో రోజు కుట్టిన రవికెలు నేనే తెచ్చిస్తానని చెప్పి బస్సెక్కినాను. సంచి బ్యాగులో పెట్టుకున్నాను. ఏం చెప్పాలో బస్సులో పదిసార్లు అనుకున్నాను.

ఆయమ్మ పోయి చాలా ఏళ్ళయిందంట. కూతురు అచ్చం ఆమె మాదిరే పొట్టిగా, గట్టిగా ఉండాది. ఎండన పడి వచ్చినారు, అన్నం తిని పోండి అని పీట వేసింది. పులగం. అందులో అలసందలు. ఆ బడి రోజులనుంచీ నేను వాసన చూడకుండా తిన్న అలసందలు అవొక్కటే.

"మా అమ్మ బడి వదిలేసి వచ్చినాక ఇంక యాడా వంట చెయ్యలా" అని ఆమే చెప్పుకొచ్చింది. "తప్పు నీది కాకపోతే ఎందుకు మీదేసుకున్నావమ్మా అని మేము పోట్లాడేవాళ్ళం. అడిగినప్పుడల్లా ఒక పిల్ల గురించి చెప్పేది. గొర్లోళ్ళ పిల్లంట. అమ్మానాయన ఊళ్ళో లేరంట, ఇంట్లో గింజ లేదంట. వారం రోజులు ఖాళీ సంచి తెచ్చి, ఒకరోజు సంచి నిండా తెచ్చిందంట. లేని ఇంటినుంచి సంచి నిండా తెచ్చిన బిడ్డని నేనెట్టా పట్టించేదే, అనేది. చచ్చిపోయే ముందు కూడా అదే, ఆ పిల్ల అన్నం తింటా ఉందో లేదో అని."

నీళ్ళు తాగినాను.

"మీదీ ఆ వైపే అన్నారు కదక్కా. ఆ పిల్ల ఇప్పుడు యాడుందో మీకేమన్నా తెలుసా?"

బ్యాగు నా ఒళ్ళోనే ఉండాది. సంచి అంచు వేళ్ళకు తగలతా ఉండాది.

"తెలవదమ్మా" అన్నాను.

"పోనీలే. ఇంకొంచెం పెట్టుకోండి" అని ఆమె లేచి, కుండలోంచి గరిటె తీసింది. పొడుగు చెక్క గరిటె, నల్లగా అరిగిపోయి ఉండాది. కుండ అంచుకు మూడుసార్లు కొట్టి వడ్డించింది. వద్దనలేదు నేను. పెట్టిందంతా తిన్నాను.

ఇంటికొచ్చి సంచిని మళ్ళా సొరుగులోనే పెట్టినాను. అవ్వ నా నోటి మీద చెయ్యి పెట్టిందని ఇన్నేళ్ళూ తప్పు ఆమె మీదికి తోస్తా వచ్చినాను. మర్రిపాడులో నా నోటి మీద ఎవరి చెయ్యీ లేదు. నా కూతురు మళ్ళా అడుగుతుంది, ఆ పిడికెడు ఎవరికి మా అని. ఈసారి అడిగితే చెప్పేస్తాను అనుకుంటా ఉండాను. తొమ్మిదేళ్ళ వయసునుంచీ అట్టా అనుకుంటానే ఉండాను.